ముఖం లేకుండా తీసిన గ్రాఫిటీ సినిమా: బెంగళూరు విద్యార్థుల డాక్యుమెంటరీపై ఒక కేస్ స్టడీ

బెంగళూరులో ఒక మీడియా కాలేజీలో చివరి ఏడాది విద్యార్థులు తీసే డాక్యుమెంటరీలకు నేను మెంటర్‌గా ఉంటాను. వృత్తి ఎడిటింగ్. చట్టం దృష్టిలో తప్పు చేస్తున్న మనిషి గురించి సినిమా తీసేటప్పుడు అతన్ని కాపాడే పని ఎక్కడ మొదలవ్వాలో ఈ కేసులో తేటగా కనిపించింది కాబట్టి రాస్తున్నాను. చాలామంది ఆ పనిని ఎడిట్ టేబుల్ మీదికి నెట్టేస్తారు. ముఖం మీద బ్లర్ వేసి, గొంతు మార్చేసి, పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఎడిట్ దాకా వచ్చేసరికి చేయి దాటిపోయి ఉంటుంది.

కాలేజీ, సంవత్సరం, పేట, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఇది రాయడానికి అందరినీ అడిగి ఒప్పించుకున్నాను.

నేపథ్యం

టీమ్‌లో నలుగురు. దర్శకత్వం చేసే అమ్మాయిదీ సౌండ్ చూసే అబ్బాయిదీ చిత్తూరు జిల్లా, కెమెరా అబ్బాయిది అనంతపురం, ఎడిట్ చేసే అమ్మాయిది హైదరాబాద్. ఇంట్లో తెలుగు, ఆటో ఎక్కితే కన్నడ, క్లాసులో ఇంగ్లీషు. సినిమా నిడివి 20 నిమిషాలకు మించకూడదని కాలేజీ నియమం.

వాళ్ళు ఎంచుకున్న మనిషి కెమెరా అబ్బాయికి దూరపు పరిచయం. అతనిదీ అనంతపురం వైపే. పగలు ఆఫీసు ఉద్యోగం, కొన్ని రాత్రులు స్ప్రే డబ్బాలతో గోడలు. రాసేది బొమ్మలు కాదు, తాను పెట్టుకున్న ఒక మారుపేరు, దాని అక్షరాలే. గ్రాఫిటీ లోకంలో అసలు విద్య అదే. 1960ల చివర్లో ఫిలడెల్ఫియాలో, తర్వాత న్యూయార్క్‌లో కుర్రాళ్ళు గోడల మీదా రైలు పెట్టెల మీదా తమ పేర్లు రాసుకోవడంతో మొదలైన సంప్రదాయం. ఒకే పేరును ఎన్ని చోట్ల రాశావు, అక్షరాన్ని ఎంత కొత్తగా తిప్పావు అన్నదే అక్కడ కొలమానం. టీమ్ వాళ్ళు షూటింగ్ కాగితాల్లో అతని పేరు రాయకుండా ‘మామ’ అని రాసుకున్నారు. ఇక్కడ నేనూ అదే వాడతాను.

మామ భయం ఉత్తుత్తిది కాదు. అనుమతి లేకుండా జనానికి కనిపించే చోట రాయడం, అంటించడం కర్ణాటకలో నేరం. బహిరంగ స్థలాలను పాడుచేయకుండా ఆపడానికి 1981లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. మెట్రో ఆస్తి మీద రాస్తే దానికి వేరే చట్టం ఉంది. అప్పట్లో అతను పాస్‌పోర్ట్ కోసం అప్లై చేసి ఉన్నాడు. పోలీస్ వెరిఫికేషన్ సమయంలో పేరు మీద కేసు ఉంటే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అసలు ఈ సంగతి ఇంట్లోవాళ్ళకే తెలియదు.

అయినా ఎందుకు ఒప్పుకున్నావని మొదటిసారి కలిసినప్పుడు అడిగాను. “నేను రాసిందాన్ని మున్సిపాలిటీ వాళ్ళు తుడిచేస్తారు మేడం. రాసినట్టు ఒకచోటైనా ఉండల్లా కదా” అన్నాడు. న్యాయమైన కోరిక. పని నిలవాలి, మనిషి దొరకకూడదు. ఈ రెండిటినీ ఒకే సినిమాలో ఎలా పట్టాలన్నదే మా ముందున్న సమస్య.

మొదట అనుకున్న సినిమా

దర్శకురాలి మొదటి ప్రతిపాదనలో రాత్రి, హుడీ, స్ప్రే చప్పుడు, వీధికుక్కలు, ఆఖర్లో పరుగు ఉన్నాయి. ఆమె మనసులో ఉన్న ఆదర్శం మాత్రం వీధి కళాకారుడు బాదల్ నంజుండస్వామి. ఆయన 2015లో బెంగళూరు సుల్తాన్‌పాళ్యలో రోడ్డు గుంతలో నిజమైనదంత పొడుగున్న మొసలి బొమ్మను పెట్టి నగరమంతా మాట్లాడుకునేలా చేశారు. 2019లో వ్యోమగామి వేషం వేయించి, గుంతల రోడ్డు మీద చంద్రుడి మీద నడిచినట్టు నడిపించిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ పనుల్లో కళాకారుడికి పేరుంది, ముఖముంది. కెమెరా ఎంత దగ్గరికి వస్తే ఆయన చెప్పే మాటకు అంత బలం. జనానికి తెలిసిన పేరే ఆయనకు రక్ష.

మామ విషయంలో ఇదంతా తలకిందులు. కెమెరా దగ్గరికి వచ్చేకొద్దీ ప్రమాదం. టీమ్ మాత్రం మొదటి తరహా మనిషికి సరిపడే షూటింగ్ పద్ధతిని రెండో తరహా మనిషి మీద పెట్టింది. ముఖం ఒక్కటి తర్వాత చెరిపేస్తే చాలు అనుకున్నారు. వాళ్ళ ఆలోచనను నేను అక్కడే కొట్టిపారేయలేదు. గదిలో చేసే వాదన కంటే తెర మీద చూపించేది విద్యార్థులకు ఎక్కువ ఎక్కుతుంది. అందుకని మామ గదిలో ఇంటర్వ్యూ, అతను అనుమతితో ఒక మిత్రుడి మేడ గోడ మీద రాస్తున్నప్పుడు తీసిన షాట్లు, ఇంతవరకే తీసుకురమ్మన్నాను. రాత్రి రోడ్డు మీద షూటింగ్ వద్దన్నాను.

ఆ మాట చెప్పే రోజుకే ఒక సంగతి బయటపడింది. స్ప్రే డబ్బాలు ఖరీదైనవి కదా, మామకు భారం కాకూడదని టీమ్ తమ ప్రొడక్షన్ డబ్బుల్లోంచి కొనిపెట్టాలనుకుంది. మంచి మనసే. ఫలానా మెట్రో పిల్లర్ అయితే ఫ్రేమ్ బాగుంటుందని కెమెరా అబ్బాయి అతనితో మాటల్లో అని కూడా ఉన్నాడు. రెండూ ఆపించాను. జరుగుతున్నదాన్ని చూసి తీయడం వేరు, కెమెరా కోసం జరిపించడం వేరు. డబ్బాలు మనం కొని, గోడ మనం చూపించి, తర్వాత “మేం కేవలం రికార్డు చేశాం” అంటే చట్టమూ ఒప్పుకోదు, మన మనస్సాక్షీ ఒప్పుకోకూడదు. సినిమా లేకపోతే అతను ఆ రాత్రి ఆ పిల్లర్ దగ్గరికి వెళ్ళేవాడా? వెళ్ళేవాడు కాదంటే ఆ నేరంలో సినిమాకూ వాటా ఉన్నట్టే.

బ్లర్ ఎందుకు పనిచేయలేదు

తీసుకొచ్చిన ఫుటేజ్‌కు ఎడిట్ చేసే అమ్మాయి శ్రద్ధగా బ్లర్ వేసింది. గొంతును సాఫ్ట్‌వేర్‌లో రెండు మెట్లు కిందికి దించింది. చూడ్డానికి టీవీలో రహస్య సాక్షి ఇంటర్వ్యూ లాగే ఉంది. ఇది చాలా, చాలదా అన్నది పరీక్షించి తేల్చుకుందామన్నాను.

పరీక్ష ఎవరి మీద చేయాలన్నదే పెద్ద చిక్కు. మామ సంగతి తెలియనివాళ్ళకు చూపిస్తే, వాళ్ళు గుర్తుపట్టిన క్షణంలో మనమే అతన్ని బయటపెట్టినట్టు. అందుకని ఎంపిక మామకే వదిలేశాం. తన రాతల సంగతి ముందే తెలిసిన ఒక రూమ్మేట్‌ను పంపాడు. మేం ఏం చేశామంటే, టీమ్‌లో ఇద్దరు అబ్బాయిలకూ ఇంకొందరు సీనియర్లకూ అదే హుడీ వేయించి, అదే మేడ గోడ దగ్గర డబ్బాలతో నిలబెట్టి చిన్న చిన్న క్లిప్పులు తీశాం. అన్నిటికీ బ్లర్ వేసి, శబ్దం తీసేసి, మామ క్లిప్పును మధ్యలో కలిపాం. “వీళ్ళలో నీకు తెలిసినవాళ్ళు ఉన్నారా?” అన్నది ఒక్కటే ప్రశ్న.

మామ క్లిప్ మొదలైంది. అతను డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపలి గోలీ మోత ఎట్లా ఉందో వింటే రంగు బాగా కలిసిందో లేదో తెలుస్తుందట. తర్వాత మూతను పళ్ళతో లాగి ఊడదీశాడు. అంతే. “వీడే. రూములో నీళ్ళ బాటిల్ మూత కూడా ఇట్లానే తీస్తాడు” అన్నాడు రూమ్మేట్. ముఖం కనిపించే అవకాశమున్న షాట్ ఇంకా రానే లేదు.

గది నిశ్శబ్దమైపోయింది. ఎడిట్ అమ్మాయి బాగా కష్టపడింది, పాపం. కానీ ఆమె చెరిపింది ముఖాన్ని. పరిచయస్తుడు గుర్తుపట్టింది అలవాటును. తెలిసినవాళ్ళ దగ్గర మనిషి ముఖంలోనే ఉండడు. నడకలో, భుజం వాల్చే తీరులో, చేతి వేళ్ళలో ఉంటాడు. అపరిచితుల నుంచి దాచడానికి బ్లర్ చాలు. మామకు ముప్పు అపరిచితుల నుంచి కాదు. ఆఫీసులో పక్క సీటువాడు, ఊళ్ళో బంధువు, పేటలో వాచ్‌మన్, వీళ్ళలో ఎవరైనా గుర్తుపట్టి నలుగురిలో అంటేనే అసలు కష్టం.

గొంతు సంగతి ఇంకా అధ్వానం. శ్రుతి దించిన గొంతును అదే సాఫ్ట్‌వేర్‌లో అన్నే మెట్లు పైకి లేపితే దాదాపు అసలు గొంతు తిరిగి వచ్చేస్తుంది. సౌండ్ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో మా ముందే చేసి చూపించాడు. పైగా ఇంటర్వ్యూ వెనకాల మెట్రో స్టేషన్ అనౌన్స్‌మెంట్ సన్నగా వినిపిస్తోంది, స్టేషన్ పేరుతో సహా. మామ గది ఎక్కడుందో సినిమాయే చెప్పేస్తోంది.

ఇవన్నీ కాక ఫోన్లు. లొకేషన్ చూడ్డానికి వెళ్ళినప్పుడు తీసిన ఫోటోలన్నీ ఒక ఫోన్ నుంచి దానంతటదే క్లౌడ్‌లోకి వెళ్ళి, టీమ్ షేర్డ్ ఆల్బమ్‌లో కూర్చున్నాయి. ఒక్కో ఫోటోలో జీపీఎస్ అంకెలు. మామ గది తలుపు ముందు తీసిన ఫోటో కూడా అందులో ఉంది. ఎవరూ కావాలని చేసింది కాదు. ఫోన్లు పుట్టడమే అలా పుట్టాయి.

ఫుటేజ్ ఉంటే ఎవరైనా అడగొచ్చు

ఆ సాయంత్రం విద్యార్థులతో ఎక్కువసేపు మాట్లాడింది ఈ విషయం మీదే. సినిమాలో ఏం కనిపిస్తుందన్నది సగం ప్రశ్న. హార్డ్‌డిస్క్‌లో ఏముందన్నది మిగతా సగం. దర్యాప్తుకు అవసరమనుకుంటే ఒక పత్రాన్నో వస్తువునో తెచ్చి ఇవ్వమని ఆదేశించే అధికారం నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 94వ సెక్షన్ ఇస్తుంది. దీనికి ముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలో ఇదే 91వ సెక్షన్. డిజిటల్ ఫైళ్ళూ ఇందులోకి వస్తాయి. పత్రికలవాళ్ళకు సమాచారం ఇచ్చినవారి పేరు చెప్పక్కర్లేదన్న రక్షణ 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలో ఉన్నా, అది ఆ కౌన్సిల్ ముందు జరిగే విచారణ వరకే. కాలేజీ విద్యార్థికి అదీ వర్తించదు. నోటీసు వచ్చిన రోజున ఇరవై ఏళ్ళ పిల్లల మీద ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించండి. “మేం ఇవ్వం” అనే ధైర్యాన్ని వాళ్ళ నుంచి ఆశించడం అన్యాయం.

మరి దారి? తీయని ఫుటేజ్‌ను ఎవరూ అడగలేరు. అడిగినా ఇవ్వడానికి ఉండదు. అందుకని మామను కెమెరా ముందుకు తీసుకురావద్దని, ఉన్న ఇంటర్వ్యూను కాగితం మీద అక్షరాల్లోకి దించుకుని ఆడియో, వీడియో రెండూ తీసేయాలని ప్రతిపాదించాను. ఒక జాగ్రత్త చెప్పాలి. నోటీసు వచ్చాక చెరిపితే అది సాక్ష్యాన్ని మాయం చేయడం, దానంతటదే నేరం. అప్పటికి ఎలాంటి కేసూ, ఫిర్యాదూ, విచారణా లేవని నిర్ధారించుకున్నాకే, అదీ ఒక లాయర్‌తో మాట్లాడాకే ఈ పని చేశాం. ఇలాంటి సినిమా తీసే ఎవరైనా ఈ ప్రశ్నను మొదటి రోజే వేసుకోవాలి.

దర్శకురాలు ఒప్పుకోలేదు. “ఆయనే లేకపోతే సినిమా ఎక్కడిది మేడం?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఉన్న ఫుటేజ్ మొత్తం మళ్ళీ చూద్దాం, మామ లేని షాట్లు మాత్రమే చూద్దాం అన్నాను.

గోడ ముందు ఊడ్చే మనిషి

ఆ షాట్లలోనే సినిమా దొరికింది. కెమెరా అబ్బాయి ఒక ప్రభుత్వ ఆఫీసు ప్రహరీగోడను తెల్లవారుజామున తీశాడు. మామ అక్షరాలు వాళ్ళు పరిచయం కాకముందు నుంచీ దాని మీద ఉన్నాయి. ఫ్రేమ్‌లోకి ఒక పౌరకార్మికురాలు వచ్చింది, అంటే నగర పారిశుద్ధ్య కార్మికురాలు. చీపురుతో గోడ వారగా ఊడ్చుకుంటూ పోతోంది. డ్రైనేజీ పలక దగ్గర ఆగి ఒక ఖాళీ స్ప్రే డబ్బా తీసింది, ఊపి చూసింది, మిగతా చెత్తలో వేయకుండా బండి పక్కన తగిలించిన వేరే సంచిలో వేసింది. కెమెరా అబ్బాయి ఆ షాట్‌ను గోడ కోసం తీశాడు. మేమంతా సంచిని చూస్తూ ఉండిపోయాం.

ఎందుకు వేరే సంచి? మర్నాడు దర్శకురాలు వెళ్ళి అడిగింది. బెంగళూరు పౌరకార్మికుల్లో చాలా కుటుంబాలు తరాల కిందట వచ్చిన తెలుగువాళ్ళే. ఆమెదీ తెలుగే, కన్నడం కలిసిన తెలుగు.

“గుజిరీ అంగడాయన గ్యాసు ఉంటే తీసుకోడు పాపా. మంటలో పడితే పేలుతుంది. మా చెల్లెలి మొగుడికి చెయ్యి కాలింది. అందుకే వేరే పెడతాం” అంది. గుజిరీ అంగడి అంటే పాత సామాను కొనే కొట్టు.

“ఇవి ఎవరు పడేస్తారో తెలుసా అక్కా?”

“ఈ రాతలు రాసేటోళ్ళు. రాస్తే రాసుకోనీ, చక్కగుంటాది. డబ్బా మాత్రం ఇంటికి ఎత్తకపోమని చెప్పు.”

ఆ మాటను దర్శకురాలు మామకు చేరవేసింది. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. ఏళ్ళుగా రాస్తున్నా తన వెనకాల ఎవరు ఊడుస్తున్నారన్నది తట్టలేదన్నాడు. ఆ రోజు నుంచి డబ్బాలు సంచిలో తిరిగి తెస్తున్నాడు. ఇదీ సినిమాలో అతని మాటగానే ఉంది.

ఇక్కడి నుంచి టీమ్ ఆలోచన మారింది. రాసే మనిషి చుట్టూ తిరగడం మానేసి, ఆ గోడతో పని ఉన్న మనుషుల వెంట వెళ్ళారు. కెమెరాను రోడ్డుకు అవతల ఒక టీ అంగడి మెట్టు మీద, సుద్దతో గుర్తు పెట్టుకున్న ఒకే చోట, ఒకే లెన్స్‌తో, ఒకే ఎత్తులో పెట్టి రోజూ కాసేపు తీయడం మొదలుపెట్టారు. వీధిదీపాల వెలుతురులో కొన్ని లైట్లు వీడియోలో మినుకుమంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షటర్ సెకనులో 50వ వంతు పెట్టుకోమన్నాను. ఆ మినుకు పోయింది. అదొక్కటే నేను చెప్పిన సాంకేతిక సలహా. మిగతా ఓపిక వాళ్ళది.

గోడ నిదానంగా తన చరిత్ర బయటపెట్టింది. ఒక మూల పెచ్చులూడిన చోట పాత జలపాతం బొమ్మ కనిపించింది. 2009లో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ నగరమంతా గోడల మీద కోటలు, పులులు, జలపాతాలు వేయించింది. పోస్టర్లు అంటించకుండా ఉండడానికి చేసిన పని అది. వేసినవాళ్ళలో చాలామంది సినిమా బ్యానర్ల ఆర్టిస్టులు. ఫ్లెక్స్ వచ్చి వాళ్ళ పొట్ట కొట్టింది, ఆ గోడలు కొంతకాలం కూడు పెట్టాయి.

అలాంటి ఒక పెద్దాయనను టీమ్ వెతికి పట్టుకుంది. చిత్తూరు జిల్లా నుంచి కుర్రతనంలోనే వచ్చి, మెజెస్టిక్ చుట్టుపక్కల థియేటర్లకు నిలువెత్తు బ్యానర్లు వేసినవాడు. ఈ గోడ ఆయన వేసింది కాదు, కానీ ఆ బ్యాచ్‌లో పనిచేశాడు. మామ అక్షరాలను ఆయన చూసిన తీరు సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, గోడకు దగ్గరగా వెళ్ళి, గీత మొదలైన చోట వేలు పెట్టి, గీత పోయినంత దూరం వేలు పోనిచ్చాడు. “చెయ్యి తిరిగినోడే. ఈ వంపు దగ్గర భయపడినాడు సూడు, గీత సన్నబడింది. ఎవురో వచ్చినట్టుండారు” అన్నాడు. స్ప్రే నాజిల్ మీద వేలు సడలితే, చెయ్యి తొందరగా కదిలితే గీత పలచబడుతుందని డబ్బా ఎప్పుడూ పట్టని మనిషి కుంచె అనుభవంతో చెప్పాడు. తర్వాత మామను అడిగితే నిజమే, ఆ వంపు దగ్గర ఒక బండి లైటు పడింది అన్నాడు.

పెద్దాయనకు తన పేరు తెర మీద పెద్ద అక్షరాల్లో పడాలి. బ్యానర్ల మీద అందరి పేర్లూ రాశాడు, తన పేరు ఎప్పుడూ మూలన చిన్నగా. వేయించాం. ఒకే సినిమాలో ఒకరికి పేరు పడటం న్యాయం, ఇంకొకరికి పడకపోవడం న్యాయం. అందరికీ ఒకే నియమం అన్న సుళువు దారి ఇక్కడ కుదరదు.

గొంతు, చేతులు

మామ మాటలు కాగితం మీద ఉన్నాయి. వాటిని చెప్పడానికి నాటకాలు వేసే ఒక అబ్బాయిని తెచ్చుకున్నాం. యాస ఉంచాలా వద్దా అని టీమ్‌లో గట్టి వాదన జరిగింది. యాస తీసేస్తే మాటలకు ప్రాణం పోతుందని దర్శకురాలు, ఉంచితే ప్రమాదమని కెమెరా అబ్బాయి. నేను ఒకే ప్రశ్న అడిగాను: ఈ గుర్తు ఎంతమందిలోంచి ఎంతమందికి కుదిస్తుంది? అనంతపురం యాస మాట్లాడే కుర్రాళ్ళు బెంగళూరులో వేలకు వేలు. యాస అతన్ని ఆ వేలమందిలోనే ఉంచుతుంది. కానీ మామకు ఒక ఊతపదం ఉంది, రెండు వాక్యాలకు ఒకసారి వచ్చేది. తెలిసినవాళ్ళకు అది సంతకం లాంటిది. యాస ఉంచాం, ఊతపదం ప్రతిచోటా తీసేశాం. ఊళ్ళో బడి గోడ మీద బొగ్గుతో రాసిన చిన్నప్పటి కథ అందంగా ఉన్నా ఆ ఊరివాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి అదీ పోయింది. తీసేసిన ప్రతిదీ అతనికి చదివి వినిపించి, అతను సరే అన్నాకే.

రాసే విధానం చూపించకపోతే ప్రేక్షకుడికి ఆ విద్య అర్థం కాదు. వెడల్పు గీతకు ఒక నాజిల్, సన్నగీతకు ఇంకొకటి, ముందు లేతరంగు, పైన ముదురు అంచు, ఆఖరున తెల్ల మెరుపు. ఇదంతా ఒక ఇంటాయన సంతోషంగా అనుమతిచ్చిన ప్రహరీ లోపలి గోడ మీద, ఫైన్ ఆర్ట్స్ చదివే వేరే విద్యార్థి చేతులతో తీశాం. చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు. ఆ ద్రావకాల వాసన దగ్గర పనిచేసేవాళ్ళు ఎలాగూ వేసుకోవాలి.

అయితే ఆ చేతులు మామవే అని ప్రేక్షకుడు అనుకుంటే అది మోసం. అందుకని మొదటి నిమిషంలోనే తెర మీద రాశాం: ఈ గొంతు అతనిది కాదు, ఈ చేతులు అతనివి కావు, మాటలు మాత్రం అతనివే. రాస్తే సినిమా పలచబడుతుందని ఎడిట్ అమ్మాయి భయపడింది. ట్రయల్ షోలో జరిగింది వేరు. ఆ మూడు ముక్కలు చదివాక జనం మాటలనే ఎక్కువ శ్రద్ధగా విన్నారు.

కాపీరైట్ గురించి క్లుప్తంగా

ఫ్రేముల్లో వేరే ఆర్టిస్టుల మ్యూరల్స్, అంటే గోడ మీది పెద్ద చిత్రాలు కూడా పడ్డాయి. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న కళాకృతిని సినిమాలో చేర్చడానికి 1957 కాపీరైట్ చట్టం 52(1)(యు) వెసులుబాటు ఇస్తుంది. కానీ అది సినిమా వరకే. ఫోటోల సంగతి చెప్పే 52(1)(టి)లో శిల్పాలూ హస్తకళా రూపాలే ఉన్నాయి, గోడ మీది పెయింటింగ్ అందులోకి సూటిగా రాదు. టీమ్ పోస్టర్ కోసం ఒక ప్రసిద్ధమైన మ్యూరల్ ఫోటో పెట్టుకుంది. ఆపించాను. పోస్టర్ మీదికి ఖాళీ డబ్బాల సంచి వచ్చింది. మ్యూరల్స్ వేసినవారిలో పేరు దొరికిన ప్రతివారినీ చివర్లో పేర్కొన్నాం. సృష్టికర్తగా గుర్తింపు కోరే హక్కు 57వ సెక్షన్ ఇస్తుంది, చట్టం సంగతి ఎలా ఉన్నా అది మర్యాద.

సంతకం పెట్టిన కాగితం

కాలేజీకి ప్రతి పాత్రధారి నుంచీ సంతకం చేసిన అంగీకార పత్రం కావాలి. మామ సంతకం పెడితే, ఇంతదాకా దాచినదంతా ఒక్క ఏ4 కాగితం బయటపెట్టేస్తుంది. అది ఎవరి బీరువాలో ఉంటుందో, ఎవరి చేతికి వెళ్తుందో మన అదుపులో ఉండదు. విభాగం పెద్దలతో కూర్చుని కారణాలు చెప్పాను. చివరికి, ఆ వ్యక్తిని నేను స్వయంగా కలిశానని, అతనికి అన్నీ వివరించానని, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాడని నా పేరు మీద ఒక ప్రకటన ఇచ్చాను. దాంతో సరిపెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. బాధ్యత తీసుకోగల మనిషి సంతకం ఉండాలి. ఇక్కడ ఆ మనిషి మెంటరే అవ్వాలి, విద్యార్థి కాకూడదు.

అతనికి ఇచ్చిన ఇంకో మాట, ఫైనల్ ఎడిట్ లాక్ అయ్యేదాకా, అంటే ఇక మార్పులు ఉండవని ఖాయమయ్యేదాకా, ఎప్పుడైనా తప్పుకోవచ్చని. ఒక దశలో, పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ తేదీ వచ్చినప్పుడు, ఆపేయమన్నాడు. టీమ్ ఆపేసింది, బతిమాలలేదు. ఆ పని అయ్యాక తనే ఫోన్ చేసి కానివ్వండి అన్నాడు.

గోడకు సున్నం వేసిన రోజు కూడా కెమెరా ఆ టీ అంగడి మెట్టు మీదే ఉంది. ఒక వీఐపీ రాక కోసం రోడ్డంతా శుభ్రం చేశారు. కాంట్రాక్టర్ మనుషులు రోలర్లతో వచ్చి మధ్యాహ్నానికల్లా అక్షరాలు, జలపాతం అన్నీ కలిపి తెల్లగా చేసేశారు. మామ లేకుండానే అతని కథలో ముఖ్యమైన ఘట్టం ఫ్రేమ్‌లో పడింది. పరుగెత్తే షాట్లు ఎన్ని తీసినా ఇంత బలం వచ్చేది కాదని దర్శకురాలే అంది.

చూశాక మళ్ళీ అడగడం

సినిమా సిద్ధమయ్యాక పౌరకార్మికురాలికి చూపించడానికి వాళ్ళ హాజరు వేసే మస్టరింగ్ పాయింట్ దగ్గరికి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళాం. ఆమె షూటింగ్‌కు ముందే ఒప్పుకుంది, ఫారం చదివి వినిపించాం, వేలిముద్ర కూడా వేసింది. కాగితం ప్రకారం అంతా సక్రమమే.

చూస్తూ చూస్తూ ఒకచోట ఆపమంది. సంచిలో డబ్బా వేసే షాట్. మేమంతా సినిమాకు గుండెకాయ అనుకున్నది. “ఇది తీసెయ్ పాపా. మేస్త్రీ చూస్తే చెత్త అమ్ముకుంటాండావా అంటాడు” అంది. మాకు తట్టని కోణం. మేం ఆ షాట్‌లో ఆమె జాగ్రత్తను చూశాం, ఆమెకు అందులో ఉద్యోగం పోయే దారి కనిపించింది. షూటింగ్‌కు ముందు అడిగినప్పుడు ఏం తీస్తారో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. అలాంటప్పుడు ఇచ్చిన ఒప్పుదల సగమే.

దర్శకురాలు ఈసారి వాదించలేదు. ఏం ఉంచొచ్చో ఆమెనే అడిగింది. మాట ఉంచుకో, చేతులు ఉంచుకో, డబ్బా సంచిలోకి పోయేది వద్దు అంది ఆమె. షాట్‌ను డబ్బా ఊపి చూసే దగ్గర కత్తిరించాం. అంగడి, గ్యాసు, పేలుడు గురించిన మాటల్లో ‘అంగడాయన’ ప్రస్తావన తీసి, కాలిన చెయ్యి సంగతి ఉంచాం. పోస్టర్ మీది సంచి కూడా మారింది, వట్టి డబ్బా మిగిలింది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి టీమ్ ఫారంలో రెండు సంతకాల గళ్ళు ఉంటాయి. ఒకటి కెమెరా తీయకముందు, ఇంకొకటి సినిమా చూశాక. చదవడం రానివాళ్ళకు వాళ్ళ భాషలోనే చదివి వినిపిస్తాం. పేరు బయటికి రాకూడని మనిషి ఉంటే ఆ గడిలో సంతకం ఉండదు, నా ప్రకటన ఉంటుంది. రెండో గడి నిండేదాకా ఎడిట్ లాక్ చేయనివ్వను.